అనామతు ఖాతా

మా నాన్న బెల్లం కొరికి ఊరి పేరు చెప్పేవాడు.

అనకాపల్లి బెల్లం బజారులో ఓ కమీషన్ కొట్టులో ఆయన గుమాస్తా. గానుగలు మొదలయ్యాయంటే బజారు నిండా బళ్ళే. చోడవరం, మాడుగుల, మునగపాక, కశింకోట పక్కనుంచి దిమ్మలు వచ్చి దిగేవి. నాన్న ఒక దిమ్మ అంచు కాస్త విరిచి, వెలుతురుకి పట్టి చూసి, పంటికింద వేసుకుని, ఇది ఫలానా ఊరి సరుకు అనేవాడు. పదింట ఎనిమిదిసార్లు సరిపోయేది. తప్పిన రెండుసార్లూ బండివాడే ఊరు తప్పు చెప్పుంటాడని ఆయన వాదన.

“రంగు చూడకురా,” అనేవాడు నాతో. “రంగు మందేసి తెప్పించొచ్చు. పలుకు చూడు. పలుకు అబద్ధమాడదు.” బెల్లంలో పలుకంటే విరిచిన చోట మెరిసే గింజ. దాన్ని ఎలా చూడాలో ఎన్నిసార్లు చూపించినా నాకు పట్టుబడలేదు. నాకు అన్ని దిమ్మలూ బెల్లమే.

కొట్లో గల్లాపెట్టె పైన చెక్కమీద మర్ఫీ రేడియో ఉండేది. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని. తరవాత విశాఖపట్నం. ఎప్పుడైనా సిలోన్ దొరికితే మీనాక్షి పొన్నుదురై గొంతు, ఆ వెనకే సినిమా పాటలు. కచేరీ వచ్చినప్పుడు అనౌన్సరు రాగం పేరు, తాళం పేరు చెప్పి మరీ కీర్తన వినిపించేవాడు. సినిమా పాటకి మాత్రం సినిమా పేరు, రాసినవారు, సంగీతం కట్టినవారు, పాడినవారు, అంతే. అప్ప దాచుకున్న సినిమా పాటల పుస్తకాల్లోనూ ఇదే వరస. పెళ్ళికొడుకు గురించి అన్నీ చెప్పి ఇంటిపేరు మింగేసినట్టు ఉండేది. ఆ మింగేసినదేదో ఉందని నాకు తెలిసింది మాత్రం ఓ చావు కబురు వచ్చిన రోజున.

1974 ఫిబ్రవరి 11. ఘంటసాల పోయారు. నేను అయిదో తరగతి. సాయంత్రం కొట్టుకి వెళ్ళేసరికి తూకం ఆగిపోయి ఉంది. హమాలీలు తలగుడ్డలు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. రేడియోలో ఆయన పాటలే ఒకదాని వెనక ఒకటి. గుమ్మంలో ఓ బక్కపలచని మనిషి స్తంభానికి ఆనుకుని, పాట మొదలైన ప్రతిసారీ పెదాలు కదిపి ఏదో అంటున్నాడు. దగ్గరికి వెళ్ళి విన్నాను. “మోహన,” అన్నాడు ఒక పాటకి. తరవాతి పాటకి “భీంపలాస్”. మరో పాటకి “దర్బారీ… దర్బారీ…” అని రెండుసార్లు అన్నాడు. చావింటికి వచ్చిన బంధువుల్ని పేరుపేరునా పలకరిస్తున్నట్టుంది.

“అవి ఎవరి పేర్లు మాస్టారూ?” అని అడిగాను.

“పాటల ఇంటిపేర్లురా అబ్బాయ్,” అన్నాడాయన.

*

గవరపాలెంలో మా వీధి చివర పెంకుటింట్లో ఉండేవారు హార్మనీ మాస్టారు. అసలు పేరుతో ఆయన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు. ఒకప్పుడు హరిశ్చంద్ర, చింతామణి, కృష్ణరాయబారం నాటకాలకి ఊరూరా తిరిగి హార్మనీ వాయించారు. తెల్లవార్లూ పద్యం ఎత్తుకునేవాళ్ళకి శ్రుతి అందించి, వాళ్ళు రాగం తీస్తూ ఎక్కడికి పోయినా వెంటపడి పట్టుకొచ్చిన మనిషి. నేను ఎరిగేసరికి ఆయనకి ఉబ్బసం. పెట్టె తిత్తికి రెండు చోట్ల అతుకులు. “నాకూ దీనికీ ఒకటే జబ్బురా, గాలి ఆడదు,” అని నవ్వేవారు. నవ్వితే దగ్గొచ్చేది.

కుర్రతనంలో విజయనగరం వెళ్ళి సంగీత కళాశాలలో చేరాలని ఆయనకి ఉండేదట. 1919లో విజయనగరం సంస్థానం పెట్టిన ఆ కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఇంటింటా మధూకరం ఎత్తుకుంటూ ఘంటసాల చదివిందక్కడే. సుశీల చదివిందీ అక్కడే. మాస్టారుకి కుదర్లేదు. ఎందుకు కుదర్లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వయసులో పెద్దవాళ్ళకి కుదరనివి కూడా ఉంటాయని తెలీదు.

నాన్న ప్రతి ఆదివారం ఓ బెల్లం ముక్క కాగితంలో చుట్టి నా చేతికిచ్చి ఆయన దగ్గరికి పంపేవాడు. మాస్టారుకి బెల్లం కాఫీ ఇష్టం. నా సంగీతం జీతం అదే.

సరళీ స్వరాలతో మొదలుపెడతారనుకున్నాను. “నీకొచ్చిన పాట పాడు,” అన్నారు. మాయాబజార్ పడవ పాట, ‘లాహిరి లాహిరి’ పాడాను. ఆయన తిత్తి ఊపుతూ నా వెనకాలే వాయించారు. నేను ఆగాక కూడా ఆయన ఆగలేదు. పాటలో లేని దారుల్లో వేళ్ళు తిరుగుతున్నాయి. అయినా అదే పడవ, అదే రేవు.

“ఇదేంటి మాస్టారూ, పాటలో లేనిది వాయిస్తున్నారు?”

“ఆ పాట ఏ ఇంటినుంచి వచ్చిందో ఆ ఇల్లు చూపిస్తున్నాను. ఇది మోహన. స రి గ ప ద. అయిదే మనుషులు. మధ్యమం లేదు, నిషాదం లేదు.”

ఆ మాటలేవీ నాకు అర్థం కాలేదు. కానీ వారం పొడుగునా చెవి ఊరుకోలేదు. ఏ పాట విన్నా దాని మొహంలో ఎవరి పోలిక ఉందా అని చూడ్డం మొదలైంది. ఒకే ఇంటి పిల్లల్ని పోల్చుకోడానికి మనకెవరూ పాఠం చెప్పరు కదా. ఆ ముక్కు ఎక్కడో చూశామే అనిపిస్తుంది, అంతే. రాగం కూడా అలాగే తగిలేది. పేరు తరవాత వచ్చేది.

*

నాన్న నాకో పాత ఆవర్జా పుస్తకం ఇచ్చాడు. సగం దాకా బెల్లం లెక్కలు, మిగతా సగం ఖాళీ. అందులో నేను రాగాలకి ఖాతాలు తెరిచాను. ‘మోహన ఖాతా’, దాని కింద పద్దులు: పాట, సినిమా, సంవత్సరం, సంగీతం. 65వ మేళకర్త అని మాస్టారు చెప్పారు కాబట్టి కల్యాణిని వెతికి వెతికి 65వ పేజీలోనే పెట్టాను. శంకరాభరణానికి 29వ పేజీ. ఈ రెండింటికీ తేడా ఒక్క మధ్యమమే అని, కల్యాణిలో మధ్యమం మెడ ఎత్తుకుని నిలబడుతుందని ఆయన వాయించి చూపించారు. నర్తనశాలలో బాలమురళీకృష్ణ పాడిన ‘సలలిత రాగ’, దేశద్రోహులు సినిమాలో ‘జగమే మారినది’ ఆ ఎత్తిన మెడవల్లనే 65వ పేజీకి చేరాయి.

తెలియని పాటలు ఎక్కడ రాయాలని నాన్నని అడిగాను.

“పేరు తెలీని సొమ్ము వస్తే కొట్లో ఏం చేస్తాం? అనామతులో వేస్తాం. వివరం తెలిశాక దాని ఖాతాకి మారుస్తాం. సంవత్సరం ముగిసేలోగా అనామతు ఖాళీ అవాలి. లేకపోతే అది లెక్క కాదు.”

అలా పుస్తకం చివర అనామతు ఖాతా తెరిచాను. కొన్నాళ్ళు మిగతా ఖాతాలన్నీ కలిపినా దానికి తూగేవి కావు.

మొదటి పెద్ద తప్పు మోహన ఖాతాలోనే చేశాను. ‘లాహిరి’ వెన్నెట్లో పడవ పాట. అందుకని వెన్నెల పాటలన్నీ మోహనే అయుంటాయని నిశ్చయించుకున్నాను. పూజాఫలంలో జానకి పాడిన ‘పగలే వెన్నెల’ని కూడా అందులో రాసేశాను. పేరులోనే వెన్నెల ఉంది, ఇంకేం కావాలి? పైగా రెండూ సాలూరు రాజేశ్వరరావు కట్టిన వరసలే. ఆయన మా ఉత్తరాంధ్ర మనిషి. మాయాబజార్‌కి నాలుగు పాటలు కట్టి తప్పుకుంటే మిగతాది ఘంటసాల పూర్తిచేశారని మాస్టారే చెప్పారు. ఒక చేతి వంట ఒకే రుచి ఉంటుందని నా లెక్క.

మాస్టారు పుస్తకం చూసి గట్టిగా ఏమీ అనలేదు. “ఈ పాట మాటల్లేకుండా పాడు,” అన్నారు. నేను నోరు మూసుకుని ‘ఊఁ’ అంటూ పాడాను. “ఇప్పుడు పడవ పాట, అలాగే.” పాడాను. రెండో పాటకి వచ్చేసరికి నాకే తెలిసిపోయింది. మాటలు తీసేస్తే వెన్నెలా లేదు, పడవా లేదు. ఒకటి చేతులు చాచుకుని నడుస్తోంది. ఒకటి తల వంచుకుని, ఎవరూ చూడకుండా తనలో తను నవ్వుకుంటోంది.

“ఇది హిందోళం. స గ మ ద ని. ఇందులో రిషభం లేదు, పంచమం లేదు. మాట వినకు. మాట నిన్ను వీధిలోనే నిలబెట్టి కబుర్లు చెప్తుంది. ఇంట్లోకి పోనివ్వదు.”

ఇంటికొచ్చి నాన్నకి ఈ సంగతి చెప్తే ఆయన తూకం చీటీ రాస్తూ నవ్వాడు. బెల్లంలో పలుకు నిజం. పాటలో పలుకే మోసం. మేమిద్దరం చేస్తున్న పని ఒకటేనని ఆ రోజు ఇద్దరిలో ఎవరం అనుకోలేదు. నేను పద్దు కొట్టేసి హిందోళానికి మార్చాను. నాన్న కొట్టేసిన చోట సంతకం పెట్టమన్నాడు.

*

మాస్టారు పెట్టెకి చేతకాని రాగాలు కొన్ని ఉండేవి.

జగదేకవీరుని కథలో ‘శివశంకరీ’ని ఎవరు మరిచిపోతారు? 1961లో పెండ్యాల కట్టిన వరస. తెరమీద ఒక్క రామారావు అయిదుగురై తంబురా, మృదంగం, వీణ అన్నీ తనే పట్టుకుని కూచున్న పాట. ఘంటసాల గొంతు శిలని కరిగించిందంటే అది ఒక్క కథలోనే కాదు, మా కొట్లో హమాలీలకి కూడా ఆ నమ్మకం ఉండేది. అది దర్బారీ కానడ. చెప్పండి, వాయించండి అని నేను మాస్టారు ప్రాణం తీశాను.

ఆయన రెండు వరసలు వాయించి ఆపేశారు. “దర్బారీలో గాంధారం ఒకచోట నిలబడదురా. ఊగుతుంది. ఈ పెట్టెలో మెట్టు నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. ఊగడం దీని జన్మలో లేదు.” రేడియోవాళ్ళు 1940లో హార్మోనియాన్ని బయటపెట్టి, మళ్ళీ 1971 దాకా రానివ్వలేదు. గమకం పలకదన్నది కారణాల్లో ఒకటి. జీవితమంతా ఆ పెట్టెమీదే బతికిన మనిషి, “వాళ్ళు చెప్పింది నిజమే,” అని ఊరుకున్నారు.

తరవాత నా అరచెయ్యి తీసుకుని దానిమీద చూపుడువేలు ఆనించి, మెల్లగా కిందికీ పైకీ ఊపారు. మరీ మెల్లగా. గట్టున కట్టిన దోనె నీళ్ళమీద కదిలినట్టు. “ఇదిగో, ఇదీ దర్బారీ గాంధారం. ఇప్పుడు వెళ్ళి ఆ పాట విను.” దర్బారీని నేను ముందు చేత్తో విన్నాను. ఈ రోజుకీ ఎక్కడ దర్బారీ వినిపించినా కుడి అరచేతిలో చక్కిలిగింత పుడుతుంది.

నాకు గర్వం తలకెక్కిందీ ఆ రోజుల్లోనే. కొత్త అమావాస్యకి నూకాలమ్మ జాతర. గుడి ముందు సన్నాయి మేళం. చుట్టుపక్కల పల్లెలన్నీ గవరపాలెంలోనే ఉన్నాయా అన్నట్టు జనం. సన్నాయి ఆయన ‘నీ లీల పాడెద’ ఎత్తుకున్నాడు. మురిపించే మువ్వలులో కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి జానకి పాడిన పాట. ఆ పాట వాయించకుండా ఆ రోజుల్లో సన్నాయి పట్టుకున్నవాడు ఇంటికి వెళ్ళడానికి లేదు. నేను జనం మధ్యనుంచి “ఆభేరీ!” అని అరిచాను.

“ఎవుల గుంటడ్రా ఈడు?” అన్నారెవరో. సన్నాయి ఆయన బుగ్గలు ఉబ్బించి ఉన్నవాడు ఉన్నట్టే కనుబొమ్మలు పైకెత్తాడు. పాట అయ్యాక చెమట తుడుచుకుంటూ నన్ను పిలిచాడు. “ఏటి బాబూ, ఆభేరంటున్నావు. మరి మాయాబజార్‌లో ‘నీవేనా నను తలచినది’ ఏటి?”

“అదీ ఆభేరే.”

“మరి భీంపలాసంటే ఏటి?”

జవాబు లేదు నాదగ్గర. చుట్టూ నవ్వారు. మర్నాడు మాస్టారు దగ్గర మొహం వేలాడేసుకుని కూచున్నాను. ఆయన పెట్టె తెరవలేదు. “పిల్లకి పుట్టింట్లో ఒక పేరు, అత్తారింట్లో ఒక పేరు ఉండదూ? ఇక్కడ ఆభేరి, ఉత్తరాదిన భీంపలాస్. ఎక్కేటప్పుడు స గ మ ప ని, దిగేటప్పుడు ఏడు స్వరాలూ. మనిషి దాదాపు ఒకటే. అత్తారింటికి వెళ్ళాక నడక కొంచెం మారుతుంది. ఆ నడక పట్టుకోడానికి నీకింకా పదేళ్ళు పడుతుంది. పేరు గట్టిగా అరవడానికి ఒక్క క్షణం చాలు.”

ఆ తరవాత నేను జనంలో రాగం పేరు అరవలేదు.

ఏ ఖాతాకీ ఒదగని పాటలు కూడా ఉన్నాయని నెమ్మదిగా తెలిసింది. సినిమా పాటది కచేరీ బతుకు కాదు. మూడు నిమిషాల్లో కథ చెప్పాలి, హీరోయిన్ అలగాలి, అలక తీరాలి. సంగీత దర్శకుడు అవసరమైతే పక్కింటి స్వరాన్ని చేబదులు తెచ్చుకుంటాడు. చరణానికి మరో ఇంటికే మారిపోతాడు. 1959 జయభేరిలో ‘రసికరాజ తగువారము’ కోసం పెండ్యాల చక్రవాకానికి కానడ కలిపి కొత్త రాగమే కట్టుకున్నారని, దానికి విజయానందచంద్రిక అని పేరని మాస్టారు చెప్పినప్పుడు నేను పెన్ను కింద పెట్టేశాను. ఆవర్జాలో లేని ఖాతాదారు వచ్చి కొట్లో కూచున్నట్టయింది.

“దీన్ని ఎక్కడ రాయను?”

“రాయకు. విను.”

నేను మాత్రం అనామతులో రాశాను.

*

అనామతు ఖాతాలో సినిమాది కాని పద్దు ఒకటి ఉంది.

నాన్న పెద్ద కూడికలు కూడేటప్పుడు ముక్కుతో ఏదో వరస తీసేవాడు. ఎప్పుడూ అదే. సన్నగా మొదలై రెండు మలుపులు తిరిగి, మొత్తం వేసే చోటికి వచ్చేసరికి ఆగిపోయేది. ఒకసారి, “అది ఏ రాగం నాన్నా?” అని అడిగాను.

“కూనిరాగం,” అన్నాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

బెల్లం కోసం మాస్టారు కొట్టుకే వచ్చిన రోజున ఆయన్ని గుమ్మంలో ఆపి వినమన్నాను. నాన్న ఖాతాదారుల బాకీలు కూడుతున్నాడు. మాస్టారు స్తంభానికి ఆనుకుని చాలాసేపు విన్నారు, ఘంటసాల పోయిన రోజు నిలబడ్డ చోటే. “అయిదు స్వరాలు తిరుగుతున్నాయి. ఏవి అని మాత్రం చెప్పలేను. మీ నాన్న షడ్జమం మీద వాలడం లేదు. ఆ ఇల్లేదో తెలిస్తే గానీ ఇంటిపేరు చెప్పలేం.”

“షడ్జమం తెలీకపోతే అంతేనా?”

“రాత్రికి రా.”

ఆ రాత్రి కరెంటు పోయింది. లాంతరు వెలిగించబోతే మాస్టారు వద్దన్నారు. చీకట్లో నా వేళ్ళు పట్టుకుని పెట్టెమీద పెట్టారు. “నల్ల మెట్లు ఎత్తుగా ఉంటాయి, కళ్ళు లేకపోయినా దొరుకుతాయి. లెక్కపెట్టు.” మూడు ఒకచోట, రెండు ఒకచోట. మొత్తం అయిదు. అన్నీ అర శ్రుతులే: నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర, ఆపైన ఒకటిన్నర, రెండున్నర.

“తెల్ల మెట్లు తాకను. చూడు.” నాలుగున్నర మీద శ్రుతి నిలిపి అయిదు మెట్లూ ఎక్కి దిగారు. మోహన. నా పడవ పాట.

శ్రుతి ఐదున్నరకి మార్చారు. అవే అయిదు మెట్లు. కానీ మోహన కాదు. కచేరీ ముగింపుకి పాడే రాగం, మధ్యమావతి.

ఆరున్నర. నాకు ఒళ్ళు జలదరించింది. హిందోళం. ‘పగలే వెన్నెల’.

ఒకటిన్నర: శుద్ధసావేరి. మిస్సమ్మలో ‘బృందావనమది’. రెండున్నర: శుద్ధధన్యాసి. పాండవ వనవాసంలో ‘హిమగిరి సొగసులు’.

“మెట్లు మారలేదు. గాలి మారలేదు. నేను ఎక్కడ కూచుని చూస్తున్నానన్నదొక్కటే మారింది. నువ్వు వెన్నెల పాటని మోహనలో రాశావే, అది తప్పే. కానీ పూర్తిగా తప్పు కాదు. ఆ రెండూ ఒకే అయిదుగురు. ఎవర్ని ఇంటిపెద్ద చేశారన్నదే తేడా.” దగ్గు వచ్చి ఆగారు. తిత్తిలో మిగిలిన గాలి సన్నగా పోతోంది. “మీ నాన్న కూడా ఈ అయిదింటి మీదే తిరుగుతున్నాడనిపిస్తోంది. ఎక్కడ కూచున్నాడో ఆయన్నే అడుగు.”

మర్నాడు అడిగాను. “నాన్నా, నీ షడ్జమం ఏది?” ఆయన వేలు అంకెల వరస మధ్యలో ఉంది. “ఉండరా, కూడిక తప్పుతుంది,” అన్నాడు.

*

1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం విడుదలైంది. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. మొదట్లో హాళ్ళు ఖాళీ అని చెప్పుకున్నారు. తరవాత బళ్ళు కట్టుకుని వచ్చారు జనం. శంకరశాస్త్రి వేసిన జె.వి. సోమయాజులు మన పక్కవాడే, విజయనగరంలో కన్యాశుల్కం నాటకంలో రామప్పపంతులు వేసినవాడే అని ఎవరికి వాళ్ళు చెప్పుకుని మురిశారు. సినిమా చూడని మా నాన్న కూడా వచ్చాడు. బాలసుబ్రహ్మణ్యం పాడుతుంటే కళ్ళు మూసుకున్నాడు, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నప్పటిలాగే.

ఆ సినిమా రాగాలని వీధిలోకి తెచ్చింది. కాటాదగ్గర హమాలీ ఆపి, “బాబూ, ‘శంకరా నాదశరీరా’ మద్దిమావతంట గదా?” అని అడిగాడు. మధ్యమావతే. మానస సంచరరే సామ అని, సామజవరగమనా హిందోళమని ఊళ్ళో కుర్రాళ్ళంతా చెప్పేస్తున్నారు. ఆరేళ్ళుగా నా ఒక్కడి ఆవర్జాలో ఉన్న రహస్యాలు ఊరందరి సొత్తయ్యాయి. సంతోషించాలి. నాకు మాత్రం కొంచెం ఉక్రోషం వచ్చింది. అబద్ధమెందుకు.

మాస్టారు హాలుకి రాలేకపోయారు. కథంతా నేనే చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగారు. “చివర ఏం పాడుతూ పోయాడు?”

“‘దొరకునా ఇటువంటి సేవ’. బిలహరి. ఆయన పడిపోతే మిగతా పాట పిల్లాడు అందుకున్నాడు.”

“బిలహరి,” అన్నారు. చాలాసేపు మాట్లాడలేదు. “పొద్దున్న పాడే రాగంరా అది. మనిషి పోతుంటే పొద్దుటి రాగం పెట్టారా? పెట్టింది మహదేవనో విశ్వనాథో గానీ, సరిగ్గా పెట్టారు.”

ఆ మాట నేను ఏ ఖాతాలోనూ రాయలేదు. రాయక్కర్లేకపోయింది. రెండేళ్ళ తరవాత నేను చదువుకి ఊరు వదిలాను. మాస్టారు పోయిన కబురు ఉత్తరంలో తెలిసింది. 1986లో సిరివెన్నెల వచ్చినప్పుడు, ఆ పాటలు రాసిన సీతారామశాస్త్రి పదో తరగతి దాకా మా అనకాపల్లిలోనే చదివాడని తెలిసి పొంగిపోయాను. అది చెప్పుకోడానికి వీధి చివరి పెంకుటిల్లే గుర్తొచ్చింది.

*

మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతుంటే అటకమీద ఆవర్జా దొరికింది. అట్టని చీమలు తినేశాయి, తినవూ మరి, బెల్లం కొట్టు పుస్తకం. నాన్న పోయి పదిహేనేళ్ళు దాటింది. చివరి పేజీలు తిప్పాను. అనామతు ఖాతాలో పద్దులన్నీ ఒక్కొక్కటే ఎరుపు సిరాతో కొట్టేసి, పక్కన చేరిన ఖాతా పేరు రాసి ఉన్నాయి. ‘రసికరాజ’ని కూడా ఎప్పుడో పెద్దయ్యాక కొట్టేసి, దానికో కొత్త పేజీ ఇచ్చాను. ఒక్క పద్దు మిగిలింది. ‘నాన్న, కొట్లో, కూడికలప్పుడు.’

నాదగ్గర ఇప్పుడో చిన్న హార్మనీ ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక లైటు తీసేసి ఆ వరస వాయించి చూశాను. నాలుగున్నర మీద కూచుంటే లెక్క సరిపోయి లేచి కండువా దులుపుకుంటున్న నాన్న. ఆరున్నర మీద కూచుంటే అప్ప పెళ్ళికి అప్పు రాసిన రాత్రి నాన్న. ఐదున్నర మీద, కొట్టు మూసి తాళాలు యజమానికి అప్పగించి నడిచొస్తున్న నాన్న. మెట్లు అవే. అయిదు చోట్లా ఆయనే. ఎక్కడ కూచుని పాడాడో మాత్రం కూడిక తప్పుతుందని చెప్పలేదు.

ఉగాదికి కొత్త పుస్తకం కొన్నాను. పాతదాంట్లో మిగిలిన పద్దు కొత్తదాంట్లోకి ఎత్తి రాశాను, రాగం గడి ఖాళీగానే వదిలి. నాన్న చూస్తే ఒప్పుకోడు. అనామతు ఇన్నేళ్ళు ఉంచితే అది లెక్క కాదంటాడు.